ఆఘ్రాత పుష్పము – పెరటి అంచుల పూలమళ్ళు

దేవతార్చనకు వినియోగించు పుష్పముల విషయమున పెద్దలు చెప్పిన నిషేధములు అనేకములు. నేల రాలినవి, పురుగు తొలిచినవి, వాడినవి, కట్టుకొన్న వస్త్రపు కొంగున మూటగట్టి తెచ్చినవి, పరుల పెరటిలో అడుగక కోసినవి, ఇవన్నియు వర్జ్యములు. పారిజాతము వంటి ఒకటి రెండింటికి మాత్రము సడలింపు గలదు. అది రాలినదే గ్రాహ్యము. ఈ నిషేధములలో ఆచరణకు మిక్కిలి సూక్ష్మమైనది ఆఘ్రాతపుష్ప నిషేధము. భగవంతునికి సమర్పింపక పూర్వమే వాసన చూచిన పువ్వు ఉచ్ఛిష్టప్రాయమని దాని తాత్పర్యము. పూలసజ్జ పట్టుకొని గుడికి బయలుదేరిన పిల్లవానికి తల్లి మొదట చెప్పు మాట ఇదియే: "ముక్కు దగ్గర పెట్టకురా."

కన్నులున్నవారికి ఈ నియమము కష్టమైనది కాదు. రంగును, రూపమును చూచి పువ్వును గుర్తింతురు, కోయుదురు, సజ్జలో వేయుదురు. ముక్కుతో వారికి పనిలేదు. కన్ను తప్పుకొన్న నాడు ఏమి చేయవలెననునది ప్రశ్న. కోనసీమలోని ఒక అగ్రహారమున, పెరటి అంచుల మళ్ళను తీర్చి మరల కట్టుకొన్న ఒక ఇంట ఈ ప్రశ్న నిజముగనే పుట్టినది.

ఆ గృహస్థు సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. సంతానములో ఒకరు హైదరాబాదున, ఒకరు విదేశమున స్థిరపడిరి. ఇంట పంచాయతన పూజ తరతరములుగా వచ్చుచున్నది. ఆ ఇల్లాలు కాపురమునకు వచ్చిన నాటినుండి, నలువది యేండ్లకు పైగా, ప్రతి ఉదయమును స్నానము చేసి పెరటి నాలుగు వైపులను తిరిగి పూలు, పత్రి కోసి తెచ్చుట ఆమె నిత్యకర్మ. పూజ భర్తది, పూలు ఆమెవి. కోసి తెచ్చుటతో పని ముగియదు. గణపతికి తులసి కూడదు, అంబికకు గరిక కూడదు, సూర్యునికి మారేడు కూడదు, శివునికి మొగలి కూడదు. అయిదు దేవతలకును అయిదు భాగములుగా పళ్ళెమున సర్ది, భర్త చేయి చాచినచోట ఆ దేవతకు తగిన పువ్వు ఉండునట్లు అమర్చును. మంత్రము చెప్పువాడు పళ్ళెము వంక చూడ నక్కరలేదు. ఇంతటి సామరస్యము ఏ గ్రంథమును చదివి వచ్చునది కాదు.

ఆరేడేండ్ల క్రిందట ఆమె కన్నులకు నీటికాసులు సోకినట్లు వైద్యులు తేల్చిరి. ఈ వ్యాధి స్వభావము విచిత్రము. ఆమెకు వచ్చిన రకమున నొప్పి యుండదు. ఎదుటనున్న దానిని కన్ను చక్కగనే చూచుచుండును. చూపు అంచులనుండి తరుగుచు వచ్చును. చూపునాడి క్షీణించి ఒకసారి పోయినది మరల రాదు. మిగిలినదానిని నిలుపుకొనుటకే చుక్కల మందు. అది సంధ్యావందనమువలె కాలము తప్పరాదు. సూదికన్నులో దారము ఎక్కించగలుగుచున్న దినములలోనే, ప్రక్కన నిలిచిన మనుమరాలిని ఆమె చూడజాలకపోయెను. మొదట గోడవార నడచు పిల్లి, పిదప పాదముల చెంతనున్న మెట్టు, ఆ పిదప ప్రహరి వెంట నున్న పూలమళ్ళు ఒక్కొక్కటియు ఆమె లోకమునుండి జారిపోయినవి. నేడు నడుమనున్న ఆ కొంచెమును మసకబారినది. వెలుతురు తెలియును, ఎదుట మనిషి నిలిచినాడని తెలియును. చేతిలోనిది మందారమో నందివర్ధనమో చూపునకు తెలియదు.

పరామర్శకు వచ్చిన బంధువులు సహజముగా పురాణము నెత్తుకొనిరి. శ్రీకాళహస్తిలో కన్నప్ప కన్నులిచ్చినాడని ఒకరు, వేయి కమలములలో ఒకటి తగ్గినప్పుడు విష్ణువు తన నేత్రకమలమునే శివునికి అర్పించినాడని మరియొకరు. ఆమె విని, "వాళ్ళు ఇచ్చారు. నేను ఇవ్వలేదు, పోయాయి. రెండూ ఒకటి ఎలా అవుతాయమ్మా?" అనెనట. ఓదార్పు పేరిట పురాణమును ఎక్కడ పడిన అక్కడ అతికించు అలవాటు మనలో చాలమందికి గలదు. ఆమె మాట దానికి తగిన సమాధానమే.

మూడేండ్ల క్రిందట కార్తికమున, తెల్లవారుజామున, ఆమె మడి అంచున తొట్రుపడి పడిపోయినది. మణికట్టు ఎముక విరిగినది. సజ్జలోని పూలు నేలపాలైనవి. కట్టు విప్పకముందే పిల్లలు ఒక నిశ్చయమునకు వచ్చిరి: పెరడంతయు సిమెంటు చేయించి, జారని టైల్సు పరపించుట, కడియపులంక పూలు రోజును ఇంటికి తెచ్చి యిచ్చు మనిషిని మాట్లాడుట. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. తల్లి మరల పడరాదనుట బిడ్డల ధర్మము. కొన్న పువ్వు పూజకు పనికిరాదనియు ఎవరును అనలేదు. స్వయముగా పెంచి కోసినది ఉత్తమమనియు, క్రయము చేసినది దాని తరువాతిదనియు మాత్రమే సంప్రదాయము. పట్టణమున బాల్కనీలో రెండు కుండీలు మాత్రమే గలవారు కొనియే పూజింతురు. వారి పూజకు లోపము లేదు.

కాని ఆమె భర్తతో అన్న మాట వేరు. "ఏమండీ, పూలు ఎవరో తెస్తే, పూజ మీరు చేస్తే, ఇంక అందులో నాదేముంది?"

గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు పత్రమును, పుష్పమును, ఫలమును, జలమును పేర్కొని, భక్తితో నిచ్చిన దానిని స్వీకరింతునని చెప్పిన ఘట్టమును మనము సాధారణముగా వస్తువు అల్పమైనను చాలునను అర్థమున చెప్పుకొందుము. అది సరియే. అయితే అక్కడ ఇచ్చువాడొకడు ఉండవలెనను మాటయు కలదు కదా. చేయి లేకయే పువ్వు పళ్ళెమునకు చేరినచో, ఆ ఇల్లాలి దృష్టిలో, దాత అదృశ్యమైనట్లే. భర్త ఆమెకు బదులు చెప్పలేదు. మరునాడు టేపు తీసుకొని పెరటిలోనికి పోయెను.

పాత పెరటి రచన చెప్పవలెను. ఇల్లు తూర్పు ముఖము. నాలుగు వైపులను ప్రహరి. దాని వెంట అయిదేసి అడుగుల వెడల్పున మళ్ళు. గోడకు ఆనుకొని గన్నేరు, మందారము, నందివర్ధనము. వాని ముందు గులాబి, మల్లె. అంచున బంతి, చామంతి, మరువము. వెనుక పొడవైనవి, ముందు పొట్టివి అనునది తోటల వారందరును ఎరిగిన క్రమమే. చూచువారి కంటికి అది ఇంపు. కోయువారి చేతికి కాదు. గోడవారనున్న మందారమును అందుకొనవలెనన్న ఒక కాలు మడిలో పెట్టవలసినదే. మళ్ళ అంచున ఇటుకలను ఏటవాలుగా, రంపపు పళ్ళవలె పాతియుండిరి. ఆమె కాలికి తగిలినవి ఆ పళ్ళే.

సంస్కృతమున మర్యాదా శబ్దమునకు హద్దు, ఎల్ల అని అర్థము. నడవడికి సంబంధించిన అర్థము దానినుండి వచ్చినదే. బ్రదుకంతయు పరుల పొలములకు హద్దురాళ్ళు పాతించిన ఆ గృహస్థు తన పెరటి హద్దులను మొదటిసారి కొలిచినది అప్పుడే. కాగితముపై చక్కని ప్లాను గీసెను. గీసిన తరువాత గాని అది ఆమెకు కనబడదని ఆయనకు తోచలేదు. అప్పుడు ఆమెయే ఉపాయము చెప్పినది. వసారాలో నేలపై చింతపిక్కలతో ఇంటిని, ప్రహరిని, బావిని, తులసికోటను పేర్పించి, వానిపై వ్రేళ్ళు పోనిచ్చుచు పెరడంతయు చదువుకొనెను. నలువది యేండ్లు వాకిట చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టిన వ్రేళ్ళవి. వానికి ప్లాను క్రొత్త గాదు. ఆయన పెట్టిన పిక్కలలో సగము ఆమె జరిపినది.

మొదట జరిపినది వెడల్పు. మడి మూరన్నరకు మించరాదు. నిలిచినచోటినుండి గోడవరకు చేయి అందవలెను. రెండవది ఎత్తు. నేలమీది మళ్ళకు బదులు మోకాటి యెత్తున ఇటుక కట్టుబడి కట్టి అందులో మన్ను నింపవలెను. అప్పుడు కాలికి తగులునది పన్ను కాదు, గోడ. తగిలినను పడవేయదు, అలసినప్పుడు దానిపై కూర్చుండవచ్చును. కట్టుబడి ప్రహరికి ఆనినచో చెమ్మ ప్రహరిని తినివేయును గనుక వెనుకవైపు జానెడు ఎడము విడిచి వేరుగోడ కట్టిరి.

ఊతకర్ర విషయమున మాత్రము కొంత తర్జనభర్జన జరిగినది. బాటవెంట నడుము ఎత్తున వెదురు కర్రను కట్టినచో దానిని పట్టుకొని నడువవచ్చునని ఆయన ఆలోచన. ప్రదక్షిణ క్రమమున, అనగా ఇల్లు కుడివైపున ఉండునట్లు తిరుగుట ఆమె అలవాటు. కర్రను ఆయన ఇంటివైపున కట్టించెను. రెండు దినములు నడచి ఆమె వద్దనెను. కుడిచేయి కర్రకు చిక్కినది. పూలు ఎడమచేతి వైపున నున్నవి. ఎడమచేత కోయుట ఆమె కెన్నడును లేదు. అప్రదక్షిణముగా తిరిగినచో అంతయు కుదురునని ఆయన తర్కము. పూలు కోయుట ప్రదక్షిణము కాదు గదా, దోషమేమని ఆయన వాదము. శాస్త్రరీత్యా ఆ వాదమున తప్పు లేదు. ఆమె ఒప్పుకొనలేదు. చివరకు కర్రను మడి కట్టుబడికే అమర్చిరి. ఎడమచేయి కర్రపై జారుచుండును, సజ్జ ఎడమ మోచేతి వంపున వ్రేలాడును. పువ్వు చెంతకు వచ్చినప్పుడు మడివైపు తిరిగి కుడిచేత కోయును. ఇంత చిన్న సంగతికి పదునైదు దినములు పట్టినది. కాని ఆ పదునైదు దినములును కర్ర వైపు మార్చినది ఆమె మాటయే గాని ఆయన కొలత కాదు.

నాటవలసిన మొక్కల విషయమున ఆమె విధించిన నియమమొకటి గలదు: ఒక మడిలో ఒకే జాతి, ఒకే వన్నె. ఎఱ్ఱ మందారమును, తెల్ల మందారమును వ్రేళ్ళు వేరుపరుపజాలవు. అంబికకు ఎఱ్ఱనిది, శివునికి తెల్లనిది కావలెను. కావున ఎఱ్ఱ మందారము ఆగ్నేయపు మడిలోనే, తెల్లనిది పడమట, మరెచ్చటను లేదు. ఇక నందివర్ధనము, గరుడవర్ధనము, శంఖుపుష్పము, తుమ్మి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు. ఆమెకు స్థానమే వర్ణమైనది.

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు శివునికి ప్రీతికరములే గాని నాలుగును విషములు. జిల్లేటి పాలు కంటిలో పడుట ప్రమాదము. చుక్కలమందు వేసికొను కంటికి చేయి తగులక మానదు. వానిని ప్రహరి బయటకు మార్చిరి. వానిని కోయు పని భర్తది. మొగలి పొదను పూర్తిగా తీసివేసిరి. దాని వాసనకు పాములు వచ్చునను మాట ఎట్లున్నను, ముళ్ళపొద ఏ పాముకైనను నీడయే. అదే కారణమున మొక్కలన్నిటికిని అడుగు కొమ్మలు కత్తిరించి, మొదళ్ళ చుట్టును మన్ను కనబడునట్లు ఉంచిరి. బాటకు పైనున్న రెండు కొబ్బరిచెట్ల కాయలను నెలన్నరకొకమారు తప్పక దింపించుచున్నారు.

నర్సరీ వారు క్రోటన్లును, కాగితపు పూలతీగలును చూపిరట. అవి మంచివే, చూచువారికి.

మన్ను నింపిన వెంటనే మొక్కలు నాటలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమును చెప్పుచు, మెత్తని నేల చెట్లన్నిటికిని హితమనియు, నాటుటకు ముందు అందులో నువ్వులు చల్లి, అవి పూచిన తరువాత ఆ నేలలోనే నలిపివేయవలెననియు విధించినాడు. భూమికి చేయవలసిన మొదటి కర్మ అదియే అని ఆయన మతము. ఆరవ శతాబ్దమున చెప్పిన ఈ మాటయే నేడు పచ్చిరొట్ట ఎరువు పేరిట జనుము, జీలుగ చల్లి దున్ను రైతునకు తెలిసిన విద్య. ఒండ్రుమన్ను, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపీచు పొట్టు, కొంత ఇసుక కలిపి నింపి, మాఘమున నువ్వులు చల్లిరి. నువ్వుపూత వచ్చిన నాడు ఆమె మడిపై చేయి నడిపి ఆ మెత్తని గొట్టపు పూలను తడిమి, ఇంత అందముగా పూచినదానిని నలిపివేయుట ఎట్లని కొంత సంకోచించినదట. మూడవనాడు కొడవలితో కోసి మంటిలో కలిపిరి. అదే గ్రంథమున చెట్టునకును చెట్టునకును ఎడము ఇరువది హస్తములు ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండునకు తగ్గరాదనియు ఉన్నది. దగ్గరగా నాటినచో వేళ్ళు పెనవేసికొని ఫలింపవనుట కారణము. ఆ లెక్క ప్రకారము ఆ పెరటిలో ఒక్క సంపంగి చెట్టునకే చోటు. రెండవ సంపంగిని కొట్టుటకు మనసొప్పక కొమ్మలు నరికి ఊరకున్నారు.

ఇక గంధము సంగతి. మూల తిరుగవలసిన చోటు ఆమెకు తెలియవలెను. నాలుగు మూలలను నాలుగు సుగంధ పత్రములను నాటుదమని ఆయన అనెను: మరువము, దవనము, తులసి, విభూదిపత్రి. వాసనను బట్టి మూలను ఎరుగవచ్చును. వినగానే ఆమె ముఖము వాడినది. అవన్నియు పూజాద్రవ్యములు. దారి తెలిసికొనుటకు వానిని నలిపి వాసన చూచి, పిదప వానినే దేవునికి సమర్పించుట ఎట్లు? అంతటితో ఆమె శంక ఆగలేదు. చూపు తగ్గిన నాటినుండి మల్లెపొద ఎక్కడనున్నదో వాసనను బట్టియే తెలిసికొనుచున్నాననియు, తాను కోసిన ప్రతి పువ్వును ఆఘ్రాతమే గదా యనియు, ఈ రెండేండ్లును పూజకు ఎంగిలి పూలు ఇచ్చితినేమో యనియు భర్తతో చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. పడినప్పుడు పెట్టని కన్నీరు అది.

శంక చిన్నది కాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమును చిన్ననాడు వల్లించినవారికి తెలియును: పృథివికి లక్షణము గంధమే. జలమునకు గాని వాయువునకు గాని గంధము స్వతః లేదు. గాలిలో వాసన వచ్చినదనగా పృథివీ సంబంధమైన సూక్ష్మావయవములు గాలితో వచ్చి ఘ్రాణేంద్రియమును తాకినవని నైయాయికుని నిర్ణయము. ఆ లెక్కన మల్లెపొద నుండి పదడుగుల దూరమున నిలిచినను పువ్వు ముక్కును తాకినట్లే. దూరముగా నున్నాను గనుక దోషము లేదనుకొనుట తర్కమునకు నిలువదు.

అయితే ఇంత కఠినముగా లెక్కించినచో తోట పెంచు ఏ మనుష్యుడును పూజకు పువ్వు ఈయజాలడు. తిరుమలలో అనంతాళ్వారు రామానుజాచార్యుల ఆజ్ఞచే నందనవనమును పెంచి స్వామికి మాలలు కైంకర్యము చేసినారు. ఆ తోటలో ఆయన ఊపిరి బిగబట్టి తిరుగలేదు కదా. కావున నిషేధము తాకుడునకు సంబంధించినది కాజాలదు, భోగబుద్ధికి సంబంధించినది కావలెను. దేవునికని తెలిసియు, ముందు నేను అనుభవింతునని ముక్కున చేర్చుట దోషము. ఊపిరితో తానై వచ్చినది దోషము కాదు. ఈ భేదమును ఆ గ్రామమునకు చెందిన ఒక వృద్ధ ఘనపాఠి వారింటికి వచ్చి విశదపరచినారు. ఆండాళ్ తాను ముడిచిన మాలను స్వామికిచ్చిన కథను అక్కడున్న ఒకరు గుర్తుచేయగా ఆయన అంగీకరింపలేదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయని కావ్యమునకే పేరు పెట్టినంత గొప్పది ఆ కథ. కాని గోదాదేవి చేసినది మనకు విధి కాదు. శబరి ఎంగిలి పండ్ల కథయు ఇట్టిదే. అది వాల్మీకి రామాయణమున లేనే లేదు. అసాధారణ భక్తుల చరితములను సాకుగా తెచ్చుకొని నియమమును సడలించుట కంటె, నియమము యొక్క హృదయమును తెలిసికొనుట మేలని ఆయన అభిప్రాయము. ఆపై ఆయన గీత ఏడవ అధ్యాయమును ఎత్తి, అక్కడ భగవానుడు భూమియందలి పవిత్రమైన గంధము తానేనని చెప్పుకొన్నాడు గదా యని అడిగిరి. ఆ గంధము నీకు దారి చూపినచో చూపినవాడెవరు, ఎవరి సొమ్మును నీవు ముందు అనుభవించితివి?

ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "మీరు చెప్పింది బాగుంది బాబయ్యగారూ. కానీ నా మనసు ఒప్పుకోవాలిగా" అనెను. ఆ మాటకు ఘనపాఠిగారు సంతోషించిరేగాని నొచ్చుకొనలేదు. దోషము లేదని తెలిసిన తరువాతను జాగ్రత్త పడువారిని ఎవరు తప్పుపట్టగలరు?

మూలల సమస్యకు పరిష్కారము వంటయింటినుండి వచ్చినది. దేవునికి అర్పింపని పత్రములు, అయినను వాసన గలవి నాలుగు ఏరుకొన్నది: ఆగ్నేయమున కరివేపాకు, నైరృతిన నిమ్మగడ్డి, వాయవ్యమున వామాకు, ఈశాన్యమున బావి చెంత పుదీన. ఆకును వ్రేళ్ళతో నలిపి మూలను తెలిసికొనును. తరువాత చేతులు కడుగుకొనవలెను గనుక ప్రతి మూలను ఒక చెంబును నీళ్ళును ఉంచవలసి వచ్చినది. దీనివలన భర్తకు ఉదయపు పని పెరిగినది. ఆమె లేవకముందే ఆయన నాలుగు చెంబులను నింపి యుంచుచున్నారు. నాలుగు దిక్కుల ద్వారపాలకులని ఆయన వాని నామకరణము. పారిజాతము క్రింద ముందునాటి సాయంకాలమే ఉతికి ఆరవేసిన తెల్లని గుడ్డను పరచి ఉంతురు. తెల్లవారునప్పటికి రాలిన పూలను గుడ్డతో సహా ఎత్తుకొనుటయే.

మొదటి వానకాలమున అంతయు చక్కగా జరుగలేదు. శ్రావణమున నాలుగు దినములు ఎడతెగని వాన కురిసి, కట్టుబడి అడుగున విడిచిన తూములు మన్నుతో పూడిపోయి, మళ్ళలో నీరు నిలిచినది. తులసి కుళ్ళినది, మల్లె మూడువంతులు పోయినది. ఆదిపర్వమున ధౌమ్యుని శిష్యుడైన ఆరుణి, పొలపు గట్టు తెగినచోట తానే అడ్డుగా పరుండి నీటిని ఆపెను. గురువు పిలువగా గట్టును చీల్చుకొని లేచినందున ఉద్దాలకుడైనాడు. ఛాందోగ్యమున శ్వేతకేతువుచేత మర్రిపండును చీల్పించి, కంటికి కానరాని దానినుండి మహావృక్షము నిలిచినదని బోధించిన తండ్రి ఆయనయే. ఇక్కడ కథ తలక్రిందులు. గట్టు తెగలేదు, తెగకపోవుటయే చిక్కైనది. అరవైయేడేండ్ల వయసున ఆ గృహస్థు వానలో ఇనుపకమ్మితో తూములను పొడుచుచుండగా, ఆమె వసారాలో నిలిచి నీరు జారు శబ్దమును బట్టి ఏ తూము తెరచుకొన్నదో, ఏది ఇంకను మూసికొని యున్నదో చెప్పుచుండెనట. తరువాత తూముల వద్ద కంకరయు, దానిపై కొబ్బరిపీచును వేసిరి. మరుసటి వానకాలమున నీరు నిలువలేదు.

ఇప్పుడామె ఉదయము అరగంటలో నాలుగు వైపులను తిరిగి వచ్చుచున్నది. పూర్వము పావుగంట పట్టెడిది. పళ్ళెమున అయిదు భాగములును యథాపూర్వము ఉండును. భర్త ఇప్పుడును పళ్ళెము వంక చూడకయే చేయి చాచును. ద్వాదశినాడు తులసి కోయరాదు గనుక ముందునాడే కోసి ఉంచుట ఆమె మరువదు. ఆయనయే రెండుమార్లు మరచినాడని ఆమె చెప్పుకొని నవ్వుచుండును.

తేలని వివాదము ఒకటి మిగిలియున్నది. బావి చెంతనున్న నాటు గులాబి ఆమె అత్తగారు నాటినది. ముళ్ళున్న మొక్క పెరటిలో ఉండరాదని ఆయన. దానిని కదల్చరాదని ఆమె. మడి చివర ఒక నున్నని రాతిని పాతి, అది చేతికి తగిలినచోట మెల్లగా పోవలెనని గుర్తు పెట్టుకొన్నారు. అయినను అప్పుడప్పుడు ముల్లు గుచ్చుకొనును. నెత్తురు అంటిన పువ్వు పూజకు పనికిరాదు. ఆనాటి గులాబిని ఆమె కడిగి, సజ్జలో వేయక వేరుగా పట్టుకొనివచ్చి, నడవలోనున్న అత్తగారి పటము ముందు ఉంచును. "ఆవిడ నాటిందేగా. ముల్లు సంగతి ఆవిడకి తెలుసు" అనును.